కాగితం మీద, ట్యాబ్లెట్ మీద చదివింది ఎంత అర్థమవుతుంది? థీసిస్ డిజైన్ సరిచూడగలరా

ప్రశ్న: వాచకం_విద్యార్థి

విద్యాశాస్త్రంలో పీజీ థీసిస్‌కి అంశం ఖాయమైంది. తొమ్మిదో తరగతి పిల్లలు సమాచార పాఠాన్ని కాగితం మీద చదివినప్పుడూ, ట్యాబ్లెట్ మీద చదివినప్పుడూ అవగాహనలో తేడా ఉంటుందా అన్నది చూడాలి. ఇప్పటికి రాసుకున్న ప్రణాళిక ఇది: ఒక బడిలో రెండు సెక్షన్లు, ఒక్కో దాంట్లో 40 మంది. 'ఎ' సెక్షన్‌కి కాగితం, 'బి' సెక్షన్‌కి ట్యాబ్లెట్. సుమారు 900 పదాల పాఠం ఒకటి, దాని మీద పది బహుళైచ్ఛిక ప్రశ్నలు. ట్యాబ్లెట్ వాళ్లకి ప్రశ్నలు కూడా ట్యాబ్లెట్‌లోనే. చివర్లో రెండు సగటుల మధ్య తేడా యాదృచ్ఛికమా కాదా చూసే టీ-టెస్ట్.

తేల్చుకోలేకపోతున్నవి మూడు. ఒకటి, ఈ డిజైన్ వైవాలో నిలబడుతుందా? రెండు, విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983 వ్యాసం చదివాక "మాధ్యమం (పాఠాన్ని అందించే సాధనం) వల్ల నేర్చుకోవడం మారదు" అన్న వాదన బలంగానే అనిపిస్తోంది. మరి ఈ అంశానికి అర్థం ఉందా, లేక ప్రశ్ననే మార్చుకోవాలా? మూడు, ఇప్పటికే 140 పేపర్లు దించి పెట్టాను. అన్నీ పసుపు గీతలే తప్ప సమీక్ష అధ్యాయంలో ఒక్క పేరా కదలడం లేదు. పద్ధతిగా ఎలా చదవాలి?

జవాబు 1: నమూనా_లెక్కలు

ముందు డిజైన్ సంగతి చూద్దాం. అది ఇలాగే ఉంటే మిగతా రెండిటికీ జవాబు దొరికినా ఉపయోగం లేదు.

మీ ప్రణాళికలో పెద్ద లోపం, ఒక సెక్షన్‌ మొత్తానికి ఒకే మాధ్యమం ఇవ్వడం. 'ఎ' సెక్షన్‌కి రెండు మార్కులు ఎక్కువ వచ్చాయనుకోండి. అది కాగితం మహిమో, ఆ సెక్షన్ టీచరు మహిమో, ఆ పరీక్ష మొదటి పీరియడ్‌లో పెట్టడం వల్లో, చేర్చుకునేటప్పుడే మార్కులు చూసి సెక్షన్లు విడగొట్టడం వల్లో ఏ గణాంక పద్ధతీ విడదీసి చెప్పలేదు. కాగితం పక్కన ఒక గుంపు, ట్యాబ్లెట్ పక్కన ఒక గుంపు ఉన్నాయి, అంతే. టీ-టెస్ట్ మాత్రం 80 మంది ఒకరితో ఒకరికి సంబంధం లేని వాళ్లన్నట్టు లెక్క వేస్తుంది. వైవాలో మొదటి ప్రశ్న ఇదే వస్తుంది.

ఎక్కువ బడులు తీసుకుని తరగతులకు తరగతులనే లాటరీ వేసినా ఖర్చు తక్కువేమీ కాదు. ఒకే తరగతి పిల్లల మార్కులు ఒకదానితో ఒకటి కొంత కలిసి నడుస్తాయి. దాన్ని కొలిచేది ఇంట్రాక్లాస్ కోరిలేషన్. ఆ కలయిక వల్ల నమూనా ఎంత కుంచించుకుపోతుందో ఒక చిన్న సూత్రం చెబుతుంది: 1 + (తరగతిలో పిల్లల సంఖ్య − 1) × ఇంట్రాక్లాస్ కోరిలేషన్. తరగతికి 30 మంది, కోరిలేషన్ 0.2 అనుకుంటే 1 + 29 × 0.2 = 6.8. అంటే ఎనిమిది తరగతుల్లో 240 మందిని పరీక్షించినా, గణాంకపరంగా మీ చేతిలో ఉన్నది సుమారు 35 మంది పాటి సమాచారమే.

ఇక ఎంత తేడా కోసం వెతుకుతున్నారన్నది. ఈ రంగంలో ఎక్కువగా ఉదహరించే మెటా అనాలిసిస్ (చాలా అధ్యయనాల ఫలితాల్ని కలిపి లెక్కకట్టే విశ్లేషణ) డెల్గాడో బృందం 2018లో వేసినది. 2000 నుంచి 2017 దాకా వచ్చిన 54 అధ్యయనాలు, 1,70,000 మందికి పైగా పాఠకులు. కాగితం వైపు మొగ్గు ఉంది, దాని పరిమాణం 0.21 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత). 20 మార్కుల పరీక్షలో ప్రామాణిక విచలనం 3.8 అయితే ఇది 0.8 మార్కు, ఒక ప్రశ్న కూడా కాదు. మరోలా చెప్పాలంటే, కాగితం గుంపు నుంచి ఒకరిని, స్క్రీన్ గుంపు నుంచి ఒకరిని యాదృచ్ఛికంగా తీస్తే నూటికి 56 సార్లు కాగితం పాఠకుడికి ఎక్కువ మార్కులుంటాయి. ఏ తేడా లేకపోతే 50 సార్లు ఉండేది. దేశమంతటి బడుల మీద ఒక నిర్ణయం తీసుకునేవాళ్లకి ఇది పట్టించుకోదగ్గదే. 80 మందితో పట్టుకోగలిగేది మాత్రం కాదు. రెండు వేర్వేరు గుంపులతో 0.21ని 80 శాతం పవర్‌తో (నిజంగా తేడా ఉంటే పట్టుకునే అవకాశం), 5 శాతం ప్రాముఖ్య స్థాయిలో (లేని తేడాని ఉందనుకునే అవకాశం) పట్టుకోవాలంటే గుంపుకి సుమారు 356 మంది కావాలి.

కాబట్టి ఒకే పిల్లవాడు రెండు మాధ్యమాల్లోనూ చదివే డిజైన్‌కి మారండి. పాఠాలు రెండు ఉండాలి, క, ఖ అనుకుందాం. ప్రతి తరగతిలోని పిల్లల్ని హాజరుపట్టీ వరస ప్రకారం కాకుండా, యాదృచ్ఛిక సంఖ్యలతో నాలుగు జట్లుగా విడదీయండి. మొదటి జట్టు ముందు క కాగితం మీద, తర్వాత ఖ ట్యాబ్లెట్ మీద. రెండో జట్టు ముందు క ట్యాబ్లెట్ మీద, తర్వాత ఖ కాగితం మీద. మూడో జట్టు ముందు ఖ కాగితం, తర్వాత క ట్యాబ్లెట్. నాలుగో జట్టు ముందు ఖ ట్యాబ్లెట్, తర్వాత క కాగితం. రెండు సిట్టింగుల మధ్య ఒక వారం. ఇలా చేస్తే ఒక పాఠం కాస్త సులువైనా, రెండోసారికి పిల్లలు పరీక్షకి అలవాటు పడినా ఆ ప్రభావం రెండు మాధ్యమాలకీ సమానంగా పంచుకుపోతుంది. టీచరు, తరగతి, పీరియడ్ వంటి తేడాలు పిల్లవాడి లోపలి పోలికలో కొట్టుకుపోతాయి.

ఈ పద్ధతిలో కావలసిన సంఖ్య ఒకే పిల్లవాడికి రెండు సిట్టింగుల్లో వచ్చే మార్కుల మధ్య కోరిలేషన్ (అవి ఎంత కలిసి నడుస్తాయో) మీద ఆధారపడుతుంది. అది 0.6 అయితే సుమారు 142 మంది చాలు. 0.4 అయితే 213 దాకా వెళ్తుంది. పది ప్రశ్నలు చాలవని చెప్పేది ఇందుకే. ప్రశ్నలు తక్కువైతే పరీక్ష విశ్వసనీయత (మార్కులు ఎంత నిలకడగా వస్తాయన్నది) తక్కువ, అది తక్కువైతే కోరిలేషన్ పడిపోతుంది, అది పడిపోతే పిల్లలు ఎక్కువమంది కావాలి. పది ప్రశ్నల పరీక్ష విశ్వసనీయత 0.60 ఉంటే, అదే నాణ్యత గల ప్రశ్నలు ఇరవై చేస్తే 0.75 అవుతుంది. వంద మంది పిల్లల్ని అదనంగా వెతకడం కంటే పది మంచి ప్రశ్నలు రాయడం తేలిక.

జవాబు 2: పఠన_శోధన

క్లార్క్ ప్రశ్న గురించి. ఆయన 1983లో అన్నది ఇదీ: మాధ్యమాలు బోధనని మోసుకొచ్చే వాహనాలు మాత్రమే, సరుకు తెచ్చిన లారీ మన పోషణని మార్చనట్టే అవీ నేర్చుకోవడాన్ని మార్చవు. తేడా కనిపిస్తే అది మాధ్యమంతో పాటు మారిపోయిన బోధన పద్ధతి వల్లనో, కొత్తదనం వల్లనో అయి ఉంటుంది. మరో విద్యా పరిశోధకుడు రాబర్ట్ కోజ్మా దీనికి 1991లోనూ, మళ్లీ 1994లోనూ జవాబిచ్చారు. పాఠకుడు తన దగ్గరున్న సాధనం ఇచ్చే అవకాశాలతో కలిసి అర్థాన్ని కడతాడు కాబట్టి మాధ్యమాన్నీ పద్ధతినీ అంత తేలిగ్గా విడదీయలేం అన్నది ఆయన వాదన.

నా ఉద్దేశంలో మీ అంశాన్ని చంపేది క్లార్క్ కాదు. "ఏది మంచిది" అని అడగడమే దాన్ని చంపుతుంది. "మాధ్యమం మారినప్పుడు పాఠకుడు తన శ్రమని ఎలా పంచుకుంటాడు" అని అడిగితే అంశం వెంటనే బతుకుతుంది. దీనికి అకర్‌మన్, లాటర్‌మన్ 2012లో వేసిన పేపర్ తప్పనిసరిగా చదవండి. పాల్గొన్నవాళ్లు డిగ్రీ విద్యార్థులు. మొదటి ప్రయోగంలో, ఇంత సమయమే ఉంటుందని చెప్పి ఒత్తిడిలో చదివించినప్పుడు స్క్రీన్ మీద మార్కులు తగ్గాయి, స్వేచ్ఛగా చదువుకోనిచ్చినప్పుడు తేడా లేదు. రెండో ప్రయోగంలో మూడో పరిస్థితిని చేర్చారు. ఒత్తిడి వాళ్లకి ఎంత సమయం ఇచ్చారో అంతే సమయం ఇచ్చారు, కానీ ఆ సంగతి ముందు చెప్పలేదు, మధ్యలో హఠాత్తుగా ఆపేశారు. అక్కడ రెండు మాధ్యమాల మధ్య తేడా కనిపించలేదు.

ఈ మూడో పరిస్థితి దగ్గర కాసేపు ఆగాలి. అక్షరాల స్పష్టత, వెలుతురు, కంటి అలసట కారణమైతే, హఠాత్తుగా ఆపినా స్క్రీన్ వెనకబడాలి. వెనకబడలేదు. సమయం తక్కువని ముందే తెలిసినప్పుడు కాగితం ఇష్టపడి కాగితం మీద చదివినవాళ్లు తమ చదువుని దానికి తగ్గట్టు బిగించుకున్నారు. స్క్రీన్ మీద ఆ సర్దుబాటు జరగలేదు, స్క్రీన్‌నే ఇష్టపడేవాళ్లలో కూడా. అంటే లోపం గాజుపలకలో లేదు, స్క్రీన్ ముందు కూర్చున్నప్పుడు మనం మన శ్రమని నడిపించే తీరులో ఉంది. క్లార్క్ ఒప్పుకునే కారణమే ఇది, అయినా మాధ్యమంతో ముడిపడినదే.

అయితే ఈ సాహిత్యంలో ఒక చిక్కు ఉంది, సమీక్ష అధ్యాయంలో దాన్ని దాటవేయకండి. అకర్‌మన్, గోల్డ్‌స్మిత్ 2011లో చేసిన పనిలో నిర్ణీత సమయం ఇచ్చినప్పుడు తేడా లేదు, ఎంతసేపు చదవాలో పాఠకుడికే వదిలేసినప్పుడు స్క్రీన్ వెనకబడింది. 2012లో దాదాపు తలకిందులు. డెల్గాడో మెటా అనాలిసిస్‌లో సమయ పరిమితి ఉన్న అధ్యయనాల్లోనే కాగితం మొగ్గు ఎక్కువ. "సమయం" అన్న ఒకే పేరు కింద ఇచ్చిన సమయం చాలినంతా కాదా, పరిమితి ముందే తెలుసా, పాఠకుడు తానే ఆపుకోవచ్చా అన్న మూడు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ఒక్కో పేపర్ పద్ధతుల భాగంలో ఈ మూడూ ఎలా ఉన్నాయో విడివిడిగా నమోదు చేస్తే మీ సమీక్షకి వెన్నెముక దొరుకుతుంది. పీజీ థీసిస్‌కి ఇది చాలినంత కొత్త పని.

ఇంకొన్ని త్వరగా: డెల్గాడోలో కాగితం మొగ్గు సమాచార పాఠాల్లోనూ, కథనం కలగలిసిన పాఠాల్లోనూ కనిపించింది, ఉత్త కథల్లో కనిపించలేదు. కాబట్టి సమాచార పాఠం ఎంచుకోవడం సరైనదే, ఎందుకో మాత్రం రాయండి. క్లింటన్ 2019 మెటా అనాలిసిస్ 33 అధ్యయనాలతో ఇంచుమించు ఇదే పరిమాణం, 0.25, చూపించింది. చదివే సమయంలో తేడా లేదు. తమకెంత అర్థమైందో అంచనా వేసుకోవడంలో కాగితం పాఠకులు మెరుగు. ఈ రెండు మెటా అనాలిసిస్‌లూ ఒకే కాలపు అధ్యయనాల నుంచి ఏరినవి, కొన్ని రెండింట్లోనూ ఉంటాయి. వాటిని రెండు స్వతంత్ర సాక్ష్యాలుగా లెక్కించకండి. చిన్నపిల్లల మీద ఫ్యూరెనెస్, కుచిర్కోవా, బస్ 2021లో వేసిన విశ్లేషణ (1 నుంచి 8 ఏళ్ల వాళ్లు, 39 అధ్యయనాలు) వేరే కథ చెబుతుంది. ఉన్న పుస్తకాన్నే తెర మీదకి తెస్తే కాగితానిదే పైచేయి, కథని అర్థం చేసుకోవడానికి తోడ్పడే చేర్పులు ఉంటే డిజిటల్‌దే పైచేయి. కోజ్మా పక్షాన చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. తొమ్మిదో తరగతికి మాత్రం నేరుగా అంటించకండి.

జవాబు 3: పరీక్ష_పత్రం

డిజైన్ ఎంత బాగున్నా పాఠం, ప్రశ్నలు, ట్యాబ్లెట్ అమరిక దగ్గర పాడవుతుంది. ఆ పని గురించి రాస్తాను.

ప్రశ్నలు ట్యాబ్లెట్‌లో పెట్టే ఆలోచన మానుకోండి. అలా చేస్తే చదవడంలో తేడా కొలుస్తున్నారో జవాబు గుర్తుపెట్టడంలో తేడా కొలుస్తున్నారో తెలియదు. చదివేది ఏ మాధ్యమంలోనైనా ప్రశ్నపత్రం అందరికీ కాగితం మీదే ఇవ్వండి. ప్రశ్నలు వచ్చేసరికి పాఠం వెనక్కి తీసుకోండి. పాఠం ముందు పెట్టుకుని జవాబులు రాయనిస్తే వెతికే నైపుణ్యం వచ్చి కలుస్తుంది. అది కూడా పరిశోధించదగ్గదే, కానీ వేరే అధ్యయనం.

పాఠం రెండు రూపాల్లోనూ ఒకేలా కనిపించాలి. ట్యాబ్లెట్ తెర మీద ఒక పేజీ ఎంత వెడల్పు, ఎంత ఎత్తు ఉందో స్కేలుతో కొలిచి కాగితం మీద అదే కొలతలో ముద్రించండి. ఏ4 పేజీని పది అంగుళాల తెరలోకి కుదిస్తే అక్షరం చిన్నదవుతుంది, అప్పుడు మీరు పోల్చేది అక్షరం సైజుల్ని. కిందికి జరుపుకుంటూ చదివే రూపం కాకుండా, పేజీలు తిప్పే పీడీఎఫ్ పెట్టండి. జరుపుతూ చదివితే ఏ విషయం పేజీలో ఎక్కడుందో అన్న గుర్తు చెదిరిపోతుంది. ట్యాబ్లెట్‌లో ఏరోప్లేన్ మోడ్, తిరిగే తెరకి తాళం, వెలుతురు స్థిరంగా, తెర తనంతట ఆరిపోయే సమయం కనీసం 30 నిమిషాలు. ఈ చివరిది మరిచిపోతే ఒక పేజీ మీద ఆగి ఆలోచించే పిల్లవాడి తెరే ముందు ఆరిపోతుంది. అంటే లోతుగా చదివేవాడికే అంతరాయం.

పెన్సిల్ సంగతి ముందే తేల్చుకోండి. కాగితం మీద గీతలు గీసుకోనిచ్చి ట్యాబ్లెట్ మీద వీల్లేకుండా చేస్తే తేడా పరికరానిదా గీతలదా? ఇద్దరికీ ఇవ్వండి, లేదా ఇద్దరికీ వద్దు. నిజ జీవితంలో చదివే తీరుకి మొదటిది దగ్గర, శుభ్రమైన పోలికకి రెండోది మేలు. ఇంత చిన్న అధ్యయనానికి రెండోదే సరి.

పాఠం తెలుగులో ఉంటే కొన్ని జాగ్రత్తలు అదనం. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న పాఠాన్ని అలాగే తీసుకోకండి, యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించండి. ఒత్తులు కిందికి, గుడులు పైకి పోయే లిపి కాబట్టి వరసల మధ్య ఎడం కనీసం ఒకటిన్నర రెట్లు ఉంచండి. ఎడం చాలకపోతే పై వరస ఒత్తు కింది వరస తలకట్టుకి తగులుతుంది, తెర మీద మరీ. వేగం కొలవాలనుకుంటే నిమిషానికి పదాలు కాకుండా నిమిషానికి అక్షరాలు లెక్కించండి. విభక్తులూ ప్రత్యయాలూ కలిసిపోవడం వల్ల మన పదం పొడవు చాలా మారుతుంది, ఇంగ్లిష్ అధ్యయనాల్లోని పదాల వేగంతో పోలిక కుదరదు. అదే కారణంగా 900 పదాల తెలుగు పాఠం ఇంగ్లిష్‌లో 900 పదాల పాఠం కంటే బరువు. 500 నుంచి 600 పదాలు చాలు.

ప్రశ్నల్లో మూడు రకాలు విడిగా ఉండాలి: ప్రధాన విషయం, పాఠంలో నేరుగా ఉన్న వివరాలు, రెండు మూడు వాక్యాలు కలిపి ఊహించాల్సినవి. సింగర్, అలెగ్జాండర్ 2017లో ప్రధాన విషయం పట్టుకోవడంలో మాధ్యమాల మధ్య తేడా కనిపించలేదు, ముఖ్యాంశాలూ వివరాలూ గుర్తుచేసుకోవడంలో కాగితం మెరుగైంది. అన్నిటినీ కలిపి ఒకే మొత్తంగా చూపిస్తే ఈ తేడా కలిసిపోతుంది.

తర్వాత, ప్రశ్నలు నిజంగా పాఠం మీదే ఆధారపడ్డాయా అన్న పరీక్ష. ఇది చాలామంది చేయరు, చేయాల్సింది ముందుగా ఇదే. అధ్యయనంలో లేని 20 మంది పిల్లలకి పాఠం ఇవ్వకుండా ప్రశ్నలు మాత్రమే ఇవ్వండి. నాలుగు ఎంపికలున్నప్పుడు గుడ్డిగా పెడితే ఐదుగురికి సరవుతుంది. తొమ్మిది మంది లేదా అంతకంటే ఎక్కువమంది సరిగ్గా పెట్టిన ప్రశ్నని తీసేయండి. అది చదవకుండానే తెలిసిపోతోంది, లేదా సరైన జవాబు మిగతావాటి కంటే పొడుగ్గా ఉండి పట్టిస్తోంది.

ముందస్తు జ్ఞానాన్ని కొలవకుండా అవగాహన అధ్యయనం చేయకండి. రెక్ట్, లెస్లీ 1988లో 64 మంది ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి బేస్‌బాల్ ఆట వర్ణన ఒకటి చదివించారు. ఆట బాగా తెలిసి చదవడంలో వెనకబడినవాళ్లు, చదవడంలో ముందుండి ఆట తెలియనివాళ్లని మించిపోయారు. మీ పాఠం అగ్నిపర్వతాల గురించి అయితే, చదివే రోజుకి కనీసం వారం ముందు ఆ విషయం మీద ఎనిమిది పది ప్రశ్నలు అడిగి పెట్టుకోండి. అవి అసలు పరీక్షలోని ప్రశ్నలు కాకూడదు. అవే ప్రశ్నలు అడిగితే పిల్లలకి ఏ వాక్యం కోసం వెతకాలో ముందే తెలిసిపోతుంది.

ధారాళతకి (తడబడకుండా చదవగలగడానికి) కూడా ఒక చిన్న కొలత కావాలి: ఒక్కొక్కరి చేత ఒక నిమిషం పైకి చదివించి సరిగ్గా చదివిన అక్షరాలు లెక్కించడం. గఫ్, టన్మర్ 1986లో ప్రతిపాదించినట్టు పఠన అవగాహన అంటే లిపిని పదాలుగా విప్పుకోవడం, భాషని వింటే అర్థం చేసుకోవడం, ఈ రెండిటి లబ్ధం. కూడిక కాదు. ఒకటి సున్నాకి దగ్గరైతే రెండోది ఎంతున్నా ఫలితం సున్నాకి దగ్గరే. అలాంటి పిల్లల దగ్గర మాధ్యమం తేడా కనిపించే అవకాశమే లేదు, మీ సగటుని మాత్రం చదును చేస్తారు.

చివరిగా మార్కుల కంటే విలువైన కొలత ఒకటి. చదవడం ముగిసి పాఠం వెనక్కి ఇచ్చాక, ప్రశ్నపత్రం తెరవకముందు "20లో ఎన్ని సరిగ్గా రాస్తావనుకుంటున్నావు?" అని ఒక చీటీ మీద రాయించండి. అంచనాలోంచి అసలు మార్కు తీసివేయండి. 16 అనుకుని 11 తెచ్చుకుంటే +5. రెండు మాధ్యమాల్లో ఈ సంఖ్య ఎలా మారుతోందో చూస్తే, పైన చెప్పిన శ్రమ సర్దుబాటు వాదనని మీరు నేరుగా పరీక్షించినట్టే. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం కూడా పిల్లవాడి చేతే అదే చీటీ మీద రాయించండి. గోడ మీద అందరికీ కనిపించే పెద్ద గడియారం ఉండాలి.

వాచకం_విద్యార్థి:

అందరికీ ధన్యవాదాలు. నాలుగు జట్ల డిజైన్‌కి మారుతున్నాను. ఒక చిక్కు: అనుమతి వచ్చే అవకాశం ఉన్నది మూడు బడులకే, తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు తిరిగి వచ్చేది లెక్కేస్తే 110 మందికి మించరు. తేడా ఏమీ కనిపించకపోతే థీసిస్ వృథా అవుతుందా?

నమూనా_లెక్కలు:

కాదు, ఫలితం ఎలా రాయాలో ముందే నిర్ణయించుకుంటే. 110 మంది, రెండు మార్కుల మధ్య కోరిలేషన్ 0.5 అనుకుందాం. తేడా అంచనాకి ప్రామాణిక దోషం (అంచనా ఎంత ఊగుతుందో చెప్పేది) దాదాపు 0.095 ప్రామాణిక విచలనం, కాబట్టి 95 శాతం విశ్వాస అంతరం (నిజమైన తేడా ఉండగల పరిధి) అటూ ఇటూ 0.19. మీకు 0.10 వచ్చిందనుకోండి, నిజమైన తేడా −0.09 నుంచి 0.29 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. "తేడా లేదు" అని రాస్తే తప్పు. "స్క్రీన్ వైపు పెద్ద లాభం గానీ, కాగితం వైపు 0.3ని మించిన లాభం గానీ ఉండే అవకాశం తక్కువ" అని రాస్తే సరి. తర్వాత మెటా అనాలిసిస్ చేసేవాళ్లకి అది పనికొచ్చే సంఖ్య. ఇంత నమూనాతో 80 శాతం పవర్‌తో పట్టుకోగల కనిష్ఠ తేడా 0.27 అని పద్ధతుల అధ్యాయంలోనే చెప్పేయండి, పరీక్షకులు అడిగేదాకా ఆగకండి.

పిల్లల్ని పరీక్షించడానికి ముందే ప్రధాన పరికల్పన ఏది, ఏ మార్కుని ప్రధాన కొలతగా తీసుకుంటారు, ఎవరిని లెక్కలోంచి తీసేస్తారు (రెండో సిట్టింగ్‌కి రానివాళ్లు, రెండు నిమిషాల్లో చదివేశామన్నవాళ్లు) అన్నవి ఓఎస్ఎఫ్‌లో (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ అనే వెబ్‌సైట్‌లో) నమోదు చేయండి. ఉచితం, ఒక పూట పని. మూడు రకాల ప్రశ్నలు, సమయం, అంచనా దోషం కలిపి ఐదారు ఫలితాలు చేతికొస్తాయి. ముందు చెప్పి ఉంచకపోతే ప్రాముఖ్యం వచ్చినదాన్నే ప్రధానమని రాయాలన్న ఒత్తిడి ఎవరికైనా వస్తుంది.

విశ్లేషణకి మిక్స్‌డ్ మోడల్ (ఒకే పిల్లవాడి మార్కులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని లెక్కలోకి తీసుకునే పద్ధతి) వాడండి: మాధ్యమం, పాఠం, వరస స్థిర ప్రభావాలు, పిల్లవాడు యాదృచ్ఛిక ప్రభావం. మూడే బడులు కాబట్టి బడిని యాదృచ్ఛికంగా కాకుండా స్థిర ప్రభావంగా పెట్టండి, మూడు విలువలతో బడులు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉంటాయో అంచనా కట్టడం కుదరదు.

జవాబు 4: గ్రంథ_సూచి

140 పేపర్ల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. గీతలు గీయడం వల్ల పేరా కదలకపోవడం సహజమే. డన్లోస్కీ బృందం 2013లో పది చదువు పద్ధతుల్ని సమీక్షించి, గీతలు గీయడాన్నీ మళ్లీ మళ్లీ చదవడాన్నీ తక్కువ ప్రయోజనం గలవాటిలో పెట్టింది. తనని తాను ప్రశ్నించుకోవడం, ఎడం ఇచ్చి చదవడం ఎక్కువ ప్రయోజనం గలవాటిలో ఉన్నాయి.

పేపర్లన్నీ జొటెరోలో (పేపర్లనీ, వాటి వివరాలనీ భద్రపరిచే సాఫ్ట్‌వేర్‌లో) వేయండి. 6వ వెర్షన్ నుంచి పీడీఎఫ్ దానిలోనే తెరిచి గుర్తులు పెట్టుకోవచ్చు, ఆ గుర్తుల్ని నోట్‌గా బయటికి లాగితే పేజీ నంబరుతో సహా వస్తాయి. మొదటి విడతలో సారాంశం, పద్ధతుల భాగం మాత్రమే చూడండి. మీ ప్రశ్నకి సంబంధం లేనివి, సొంత దత్తాంశం లేని అభిప్రాయ వ్యాసాలు వేరే ఫోల్డర్‌లోకి. మిగిలినవాటికి ఒక స్ప్రెడ్‌షీట్, పేపర్‌కి ఒక వరస. నిలువు గడులు: వయసు, సంఖ్య, పాఠం రకం, పొడవు, పరికరం, జరపడమా పేజీలా, సమయం గురించి పైన చెప్పిన మూడు సంగతులు, ప్రశ్నలు ఏ మాధ్యమంలో, పరీక్ష విశ్వసనీయత, రెండు సగటులు, ప్రామాణిక విచలనాలు. ఈ గడులు నింపేటప్పుడు ఖాళీలు బయటపడతాయి. విశ్వసనీయత చెప్పని పేపర్లు ఎన్నో, పరికరం పేరు చెప్పి తెర సైజు చెప్పనివి ఎన్నో మీకే కనిపిస్తుంది. ఆ ఖాళీల మీదే సమీక్ష రాయాలి. "ఫలానా వారు ఇలా అన్నారు, మరొకరు అలా అన్నారు" అని పేపర్ తర్వాత పేపర్ చెప్పుకుపోవడం కాదు, ఒక్కో నిలువు గడికి ఒక్కో పేరా.

ముఖ్యమైన పేపర్ పూర్తిగా చదివాక కిటికీ మూసేసి, చూడకుండా నాలుగు వాక్యాలు రాయండి: ఏమడిగారు, ఎలా కొలిచారు, ఏమొచ్చింది, నేను నమ్మనిది ఏమిటి. తర్వాత తెరిచి సరిచూసుకోండి. చూస్తూ రాసే సారాంశం వేరు, జ్ఞాపకంలోంచి తీసి రాసేది వేరు. నాలుగో వాక్యమే తర్వాత అధ్యాయంలోకి వస్తుంది.

పాత పేపర్ని ఉదహరించే ముందు దాన్ని తర్వాత ఎవరు ఉదహరించారో గూగుల్ స్కాలర్‌లో చూడండి. చేత్తో నోట్సు రాస్తే ల్యాప్‌టాప్ కంటే మేలన్న మ్యూలర్, ఓపెన్‌హైమర్ 2014 పేపర్ ఇప్పటికీ ప్రతి థీసిస్‌లో కనిపిస్తుంది. అదే ప్రయోగాన్ని ఉర్రీ బృందం తిరిగి చేసి 2021లో ప్రచురించింది. ల్యాప్‌టాప్ వాళ్లు మాటకి మాట ఎక్కువ రాసుకున్న సంగతి మళ్లీ కనిపించింది, పరీక్ష మార్కుల్లో తేడా మాత్రం నిలబడలేదు. మొదటిది మాత్రమే ఉదహరిస్తే తెలిసిన పరీక్షకుడు అక్కడే పట్టుకుంటాడు.

ఏఐ చాట్ సాధనాలతో సారాంశాలు చేయిస్తుంటే ఒక హద్దు పెట్టుకోండి. ఏ పేపర్ ముందు చదవాలో ఎంచుకోవడానికి సరే. స్ప్రెడ్‌షీట్‌లోకి వెళ్లే ప్రతి సంఖ్యా పేపర్‌లోని పట్టికలోంచి మీ కళ్లతో చూసి ఎక్కించాలి. ఆ సాధనాలు అసలు ఎవరూ రాయని పేపర్ల పేర్లు కూడా నమ్మకంగా చెబుతాయి, కాబట్టి డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత లింకు) తెరుచుకుని అదే శీర్షిక కనిపించాకే జొటెరోలోకి.

పరీక్ష_పత్రం:

పైలట్ (అసలు అధ్యయనానికి ముందు ప్రశ్నల్ని సరిచూసే చిన్న పరీక్ష) గురించి ఒక మాట మిగిలింది. 110 మందిలోంచి తీయకుండా వేరే పిల్లలు 30 మందిని తీసుకోండి. ప్రశ్నకి ఎంతమంది సరిగ్గా రాశారో చూడండి. 30 శాతం కంటే తక్కువ, 90 శాతం కంటే ఎక్కువ వచ్చినవి మార్చండి. మిగతా ప్రశ్నల మొత్తం మార్కుతో కోరిలేషన్ 0.2 కంటే తక్కువున్న ప్రశ్నని మళ్లీ చదవండి, తరచుగా రెండు ఎంపికలు సరైనవిగా ఉండటమే కారణం. ముప్పై మందితో ఈ సంఖ్యలు కొంత ఊగుతాయి, కాబట్టి సంఖ్య చూసి వెంటనే కొట్టేయకుండా ప్రశ్న మాటలు చూసి నిర్ణయించండి. పాఠానికి 26 ప్రశ్నలు రాసి పైలట్‌కి వెళ్తే 20 మిగులుతాయి.

అదే రోజు ట్యాబ్లెట్లన్నీ ఒకసారి పూర్తి సిట్టింగ్ నడిపి చూడండి, అదనంగా రెండు ఉంచుకోండి. అధ్యయనం మధ్యలో ఒక ట్యాబ్లెట్ ఆగిపోతే ఆ పిల్లవాడికి కాగితం చేతికిచ్చి కొనసాగించకండి. ఆ సిట్టింగ్‌ని నమోదు పుస్తకంలో రద్దుగా రాయండి.